పడమటి ఎండ, కుండీలు: ఏ సీజన్ పూలు నిలుస్తాయి?

పడమటివరండా
అందరికీ నమస్కారం. మా వరండా పడమర ముఖం. పొద్దున అంతా నీడే, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా సూటిగా ఎండ. నేల లేదు, అన్నీ కుండీలే. ఎక్కువగా నల్ల ప్లాస్టిక్‌వి, కొన్ని మట్టివి. ఎండాకాలంలో పగలు 38, 40 డిగ్రీలు మామూలు, రాత్రి కూడా వేడి పెద్దగా తగ్గదు. నర్సరీలో పిటూనియాలు చూస్తే మనసు ఆగదు. కానీ ఎండలు ముదిరేసరికి కాడలు సాగిపోయి, పూలు చిన్నవైపోయి, తర్వాత పూతే ఆగిపోతుంది. విత్తనాల ప్యాకెట్ మీద "పూర్తి ఎండ" అని ఉన్నవన్నీ ఈ ఎండకు తట్టుకుంటాయా? ఏ పూలు వేసుకోవాలి, కుండీ ఎంత ఉండాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. రంగులు ఏవైనా ఫర్వాలేదు, పూత మాత్రం ఆగకూడదు.

విత్తులమూట
"పూర్తి ఎండ" అంటే రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ నేరుగా పడాలని, అంతే. ఆ ఎండ ఎంత వేడిగా ఉంటుందో ప్యాకెట్ చెప్పదు. చల్లటి ప్రాంతంలో ఆరు గంటలు, మీ వరండాలో మధ్యాహ్నం ఆరు గంటలు ఎలా ఒకటవుతాయి?

ఇంకోటి. చాలా ప్యాకెట్ల మీద, వెబ్‌సైట్లలో ఒక జోన్ నంబరు ఉంటుంది. అది చలికి సంబంధించింది. ఆ ప్రాంతంలో చలికాలం ఎంత దిగువకు పోతుందో లెక్కగట్టి ఇచ్చే నంబరు. ఒక్క సీజన్‌తో అయిపోయే పూలకు, అదీ వేడి ప్రాంతంలో, దాంతో పనే లేదు. వేడికి వేరే లెక్క ఉంది. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడి మండలాల పటం ఒకటి తయారుచేసింది. ఏడాదిలో 30 డిగ్రీలు దాటిన రోజులు ఎన్ని అన్నదే దానికి కొలత. మొత్తం 12 మండలాలు. మొదటిదాంట్లో అలాంటి రోజు ఒక్కటి కూడా నిండదు, పన్నెండోదాంట్లో 210కి పైనే. మంచి ప్రయత్నమే కానీ అది కూడా పగటి వేడినే చూస్తుంది. రాత్రి సంగతి, గాలిలో తేమ సంగతి పట్టించుకోదు.

మీ పిటూనియాల విషయంలో రాత్రి వేడే అసలు సంగతి. మొక్క పగలు తయారుచేసుకున్న ఆహారంలో కొంత రాత్రి ఊపిరి తీసుకోవడానికే ఖర్చవుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. పూతకు మిగిలేది తక్కువ. చల్లటి రాత్రులకు అలవాటుపడ్డ పూలన్నిటిదీ ఇదే కథ: పిటూనియా, పాన్సీ, డయాంథస్, స్నాప్‌డ్రాగన్, ఫ్లాక్స్. వాటిని చలికాలానికి ఉంచండి. ఎండాకాలానికి నా వరస ఇది: బిళ్ళగన్నేరు, బొగడబంతి, నాచుపూలు, నారింజ రంగు కాస్మోస్, జీనియా.

ఎండకన్ను
విత్తులమూట గారూ, బిళ్ళగన్నేరును మొదటి స్థానంలో పెట్టడం నాకు సమ్మతం కాదు. పొడి ఎండకు దాన్ని మించింది లేదు, నిజమే. కానీ వేడితోపాటు తేమ, రోజూ వాన ఉన్నచోట నిండుగా ఉన్న మొక్క నాలుగు రోజుల్లో పోతుంది. ముందు ఒక కొమ్మ నల్లబడి వాలిపోతుంది, తర్వాత మొత్తం. ఫైటోఫ్తొరా అనే తెగులు అది. చూసినవాళ్ళు నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, దాంతో మరింత తొందరగా పోతుంది.

అందుకే పడమటివరండా గారిని ఒకటి అడగాలి. మీ వేడి పొడి వేడా, ఉక్కపోతా? ఇది తెలియకుండా ఏ జాబితా ఇచ్చినా సగమే పనికొస్తుంది.

పడమటివరండా
రెండూనండి. ముందు రెండు మూడు నెలలు పొడి ఎండ, ఆ తర్వాత వానలు, ఉక్క. వరండాకు పైకప్పు ఉంది కానీ గాలివాన వస్తే ముందు వరస కుండీలు తడుస్తాయి.

విత్తులమూట
ఎండకన్ను గారు చెప్పింది సరైన మాట. అయితే పైకప్పు ఉందంటున్నారు కాబట్టి ఈ వరండాకు బిళ్ళగన్నేరు ఇప్పటికీ మంచిదే. వెనక వరసలో పెట్టుకుంటే ఆకుల మీద వాన పడదు. పై నుంచి నీళ్ళు చల్లకుండా మొక్క మొదలు దగ్గర మట్టికే పోయాలి. మట్టి పైన అంగుళం మేర ఆరాకే మళ్ళీ పోయాలి. ఆ తెగులుకు తట్టుకునేలా తయారుచేసిన కోరా లాంటి రకాలు కూడా వచ్చాయి. విత్తనం వేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, దీనికి మొలకెత్తేటప్పుడు చీకటి కావాలి. పైన సన్నగా మట్టి కప్పాలి. నాచుపూల విత్తనానికి దీనికి పూర్తిగా వ్యతిరేకం, వెలుతురు తగలాలి, పైన చల్లి వదిలేయడమే.

తూనీగ
నాచుపూల గురించి ఒక మాట. కొందరు టేబుల్ రోజ్ అంటారు కదా, అదే. వేడికి దానికి తిరుగులేదు, ఆకుల్లో నీళ్ళు దాచుకుంటుంది, ఊరికే ఒక కొమ్మ తుంచి గుచ్చినా బతుకుతుంది. కానీ పడమటి వరండాకు నేనైతే సలహా ఇవ్వను. ఆ పువ్వు ఒక్కరోజుదే. పొద్దున వెలుతురుకు విచ్చుకుంటుంది, చాలా రకాలు మధ్యాహ్నం దాటాక ముడుచుకుపోతాయి. మబ్బు పడితే అసలు విచ్చుకోవు. పొద్దున నీడ, మధ్యాహ్నం ఎండ ఉన్నచోట పూలు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటాయి. మొక్కకు ఇబ్బందేమీ ఉండదు, చూసేవాళ్ళకే పూలు దొరకవు. తూర్పు ముఖం, దక్షిణం ముఖం ఉన్నవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని వేసుకోవచ్చు.

సాయంత్రం ఇంటికొచ్చి వరండాలో కూర్చునేవాళ్ళైతే చంద్రకాంత వేసుకోండి. ఎండ తగ్గే వేళకు విచ్చుకుని తెల్లారేదాకా ఉంటుంది, వాసన కూడా. అడుగున దుంప ఊరుతుంది కాబట్టి కుండీ లోతుగా ఉండాలి, 30 సెంటీమీటర్లకు తగ్గకుండా.

పడమటివరండా
తూనీగ గారూ, ఇది ఎవరూ చెప్పలేదు నాకు! మేము వరండాలో ఉండేది సాయంత్రమే. చంద్రకాంత ఖాయం చేసుకున్నాను.

మట్టిచేతులు
పూల పేర్ల కంటే ముందు కుండీల సంగతి మాట్లాడాలండి. నల్ల ప్లాస్టిక్ కుండీ మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే ఆ పక్క మట్టి 50 డిగ్రీలు కూడా దాటుతుంది. వేర్లు 40 దగ్గరే నీళ్ళు లాగలేక అవస్థ పడతాయి. నేలలో వేసిన మొక్కకు ఈ బాధ లేదు, రెండు మూడు అంగుళాల కిందికి వెళ్తే చల్లగా ఉంటుంది. అందుకే "వేడికి తట్టుకుంటుంది" అన్న మొక్క నేలలో బాగుండి, చిన్న నల్ల కుండీలో ఎండిపోతుంది. తప్పు మొక్కది కాదు.

కొత్తవి కొననక్కర్లేదు. నల్ల కుండీని దానికంటే కాస్త పెద్దదైన లేతరంగు కుండీలో దించండి. మధ్య ఖాళీలో గాలి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి అంతగా దిగదు. లేదా ముందు వరసలో వెడల్పాటి, పొట్టి కుండీలు పెట్టి వాటి నీడ వెనక కుండీల ఒంటి మీద పడేలా సర్దండి. ఆకులకు ఎండ, కుండీకి నీడ, అదే కావాల్సింది. మట్టి కుండీలు చల్లగానే ఉంటాయి, ఎందుకంటే గోడల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. అందుకే అవి తొందరగా ఆరుతాయి కూడా. నీళ్ళు ఎక్కువ ఇష్టపడని బిళ్ళగన్నేరు, బొగడబంతి, నాచుపూలు మట్టి కుండీల్లో వేసి, ప్లాస్టిక్‌వి జీనియాకు, కాస్మోస్‌కు వాడుకోండి.

లోతు విషయం. నాచుపూలకు 15 సెంటీమీటర్లు చాలు. పొట్టి జీనియా, బంతి, బొగడబంతికి 20 నుంచి 25. పొడుగు జీనియా, పొద్దుతిరుగుడు అయితే 30 పైనే. వేసవిలో అనుమానం వస్తే పెద్ద కుండీయే తీసుకోండి, మట్టి ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా ఆరుతుంది, వేడెక్కడం కూడా నెమ్మదే.

అడుగున గులకరాళ్ళు పోయడం మాత్రం మానేయండి. నీరు బాగా దిగుతుందని పోస్తారు కానీ, సన్నటి మట్టిలోంచి నీరు పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు. పై మట్టి పూర్తిగా నానాకే దిగుతుంది. అంటే ఆ తడి పొర వేర్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది, వేర్లకు ఉండే మట్టి తగ్గుతుంది. అడుగున కన్నాలు సరిగ్గా ఉండి, మట్టి గుల్లగా ఉంటే చాలు.

చిగురుటాకు
మట్టిచేతులు గారూ, మట్టి గుల్లగా అంటే ఏ పాళ్ళలో? నేను అచ్చంగా కోకోపీట్, వర్మీ కంపోస్ట్ వేస్తున్నాను. ఎండాకాలం అది ఒకసారి ఎండిందంటే నీళ్ళు పోసినా పక్క నుంచి జారి కిందికి వచ్చేస్తున్నాయి.

మట్టిచేతులు
అచ్చంగా కోకోపీట్ వద్దండి. ఎండినప్పుడు ముద్ద కుంచించుకుపోయి కుండీ గోడకు మట్టికి మధ్య సందు పడుతుంది, నీళ్ళు అందులోంచి జారిపోతాయి. మూడో వంతు మామూలు తోటమట్టి, మూడో వంతు కోకోపీట్, మిగతాది బాగా మాగిన కంపోస్ట్, ముతక ఇసుక కలిపి. ఇది మొదలుపెట్టడానికి, తర్వాత మీ నీళ్ళ అలవాటును బట్టి మార్చుకోవచ్చు. ఇప్పటికే అలా ఎండిపోయిన కుండీ ఉంటే పైన ఎంత పోసినా లాభం లేదు. టబ్బులో నీళ్ళు పట్టి కుండీని సగం దాకా ముంచి ఒక గంట ఉంచండి. పైన మట్టి నల్లబడి తడి కనిపించాక తీసేయండి.

ఎండకన్ను
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి. మధ్యాహ్నం మూడింటికి జీనియా ఆకులు వేలాడుతుంటే వెంటనే నీళ్ళు పోయకండి. ముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. లోపల తడి తగిలితే ఆ వాలడం నీళ్ళు లేక కాదు. ఆకుల నుంచి పోయే తేమ అంత వేగంగా వేర్లు తోడలేకపోతున్నాయి, అంతే. ఎండ తగ్గాక సాయంత్రం మళ్ళీ చూడండి. ఆకులు నిలబడ్డాయంటే మొక్క బాగున్నట్టే. సాయంత్రానికీ లేవకపోతేనో, పొద్దునే వాలి కనిపిస్తేనో అప్పుడు ఆలోచించాలి. మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండి పొద్దునే వాలి ఉంటే వేరుకుళ్ళు మొదలైనట్టు. ఈ రెంటికీ ఆకులు ఒకేలా వాలుతాయి, తేడా చెప్పేది వేలే.

కుండీ మొక్కలు ఎక్కువగా పోయేది ఇక్కడేనని నా గట్టి నమ్మకం. ఎండకు కాదు, ఎండ చూసి భయపడి పోసే నీళ్ళకు.

విత్తులమూట
జీనియాకు ఇంకోటి కలుపుతాను. పొడుగు రకాలకు వానలు మొదలవగానే కింది ఆకుల మీద బూడిద తెగులు, మచ్చలు వస్తాయి. మెక్సికో పొడి నేలల నుంచి వచ్చిన మొక్క, ఆకులు తడిసి ఉండటం దానికి పడదు. దూరం దూరంగా వేయండి, పొద్దునే నీళ్ళు పోయండి. ఉక్కపోత ఉన్నచోట సన్నాకు జీనియాతో కలిపి తయారుచేసిన ప్రొఫ్యూజన్ రకాలు నయం. వాటిలో నారింజ, చెర్రీ రంగులకు 1999లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ (కొత్త రకాలను పెంచి చూసి ఎంపిక చేసే అమెరికా సంస్థ) బంగారు పతకం వచ్చింది. అవి అడుగు, అడుగున్నర లోపే గుబురుగా పెరుగుతాయి కాబట్టి కుండీలకు కూడా సరిపోతాయి. పొడుగు జీనియాకున్నంత పెద్ద పువ్వు రాదు, ఆ ఒక్కటి సర్దుకోవాలి.

కాస్మోస్‌లో కూడా రెండు జాతులు కలగలిసి అమ్ముతారు, చూసి తీసుకోండి. గులాబీ, తెలుపు, సన్నటి దారాల్లాంటి ఆకులు ఉండేది ఒకటి. పగటి పొద్దు తగ్గేకొద్దీ బాగా పూస్తుంది, ఎండాకాలపు పొడుగు పగళ్ళలో ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. పసుపు, నారింజ రంగుల్లో వెడల్పాటి ఆకులు ఉండేది రెండోది. వేడికి నిలిచేది ఇదే. రెంటికీ బలమైన ఎరువు వేయకూడదు. ఎరువెక్కువైతే మనిషెత్తు ఆకే తప్ప పువ్వుండదు.

పొద్దుపొడుపు
బంతి గురించి ఎవరూ మాట్లాడలేదేం? నా దృష్టిలో కుండీల్లో దాన్ని మించిన పువ్వు లేదు.

తూనీగ
బంతి మంచిదే పొద్దుపొడుపు గారూ, కాకపోతే మండుటెండలో కాదు. ఎండలు విపరీతంగా ఉన్నప్పుడు పూత తగ్గుతుంది, పైగా పొడి వేడికి ఎర్రనల్లి పట్టుకుంటుంది. ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున పలచటి గూడు కనిపిస్తే అదే. పెద్ద బంతికి పొద్దు తగ్గే రోజులు అనుకూలం, ముద్దబంతి విరగబూసేది వానలు తగ్గుముఖం పట్టాకే. పడమటివరండా గారు వానల మధ్యలో నారు పోసుకుంటే చలి మొదలయ్యేసరికి నిండుగా ఉంటుంది. చిన్న బంతికి పొద్దుతో అంత పట్టింపు లేదు, కుండీ అంచుల్లో అది చక్కగా ఇముడుతుంది.

చిగురుటాకు
కోడిజుట్టు పూల నారు నర్సరీలో చిన్న చిన్న గ్లాసుల్లో అప్పుడే పువ్వుతో అమ్ముతున్నారు. ముద్దుగా ఉన్నాయి. తెచ్చి కుండీలో పెడితే ఆ సైజు నుంచి పెరగడమే లేదు. ఎరువు వేయాలా?

మట్టిచేతులు
ఎరువుతో అది సరికాదండి. కోడిజుట్టు వేరు ఇరుకులో చుట్టుకుపోతే మొక్క ఇక ఇదే నా జీవితం అనుకుని తొందరపడి పూసేస్తుంది. ఒకసారి అలా పూసిన మొక్క తర్వాత ఎంత పెద్ద కుండీలో పెట్టినా పెద్దగా పెరగదు. కొనేటప్పుడు పువ్వు లేనిది, ఆకులు ముదురుగా ఉన్నది, గ్లాసు అడుగు కన్నంలోంచి వేరు బయటికి రానిది ఎంచుకోండి. పక్కనున్న పువ్వున్న మొక్కను చూస్తే ఇది వెలవెలబోతుంది, అయినా ఇదే తీసుకోండి. వీలైతే ఒక మొక్కను మెల్లగా గ్లాసులోంచి జార్చి చూపించమనండి. వేర్లు తెల్లగా, మట్టి కనిపించేంత పలచగా ఉండాలి. గోధుమ రంగు తాళ్ళలా గుండ్రంగా చుట్టుకుని ఉంటే వదిలేయండి.

కోడిజుట్టుకే కాదు, జీనియాకు, కాస్మోస్‌కు కూడా అంతే. వీలైతే ఈ మూడింటినీ నేరుగా కుండీలోనే విత్తుకోండి. వేడి మట్టిలో జీనియా వారంలోపే మొలుస్తుంది, నారు కొనే అవసరమే లేదు.

నీలిపిట్ట
మా ఇంట్లో పిల్లి ఉంది, కనిపించిన ఆకల్లా కొరుకుతుంది. పైన చెప్పినవాటిలో ప్రమాదమైనవి ఉన్నాయా?

ఎండకన్ను
ఉన్నాయండి. బిళ్ళగన్నేరు మొక్క అంతా విషమే. కేన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీసేది దీంట్లోంచే, అంత బలమైన రసాయనాలు అందులో ఉన్నాయి. చంద్రకాంత గింజలు, వేళ్ళు కూడా మంచివి కావు. ఆ నల్ల గింజలు నేల మీద రాలుతూ ఉంటాయి, పాకే పిల్లలున్న ఇళ్ళలో రోజూ ఏరేయాలి. లాంటానా కూడా వద్దు. జీనియా, స్నాప్‌డ్రాగన్, పిటూనియా పిల్లులకు హాని చేయనివి. మీకైతే కుండీలన్నీ జీనియాతో నింపుకోమంటాను.

పడమటివరండా
చాలా విషయాలు తెలిశాయి. ఇంకో రెండు అడుగుతాను. పూత ఆగకుండా ఉండాలంటే ఎరువు ఎంత తరచుగా? వాడిన పూలు తుంచాలా, వద్దా?

విత్తులమూట
బిళ్ళగన్నేరు, నాచుపూలు వాడిన పూలను అవే రాల్చుకుంటాయి. జీనియా, బంతి, కాస్మోస్‌కు తుంచాలి, లేకపోతే విత్తనం కట్టే పనిలో పడి పూత తగ్గిస్తాయి. తుంచేటప్పుడు పువ్వు తల ఒక్కటే గిల్లితే పైన మోడు కాడ మిగులుతుంది. కింద ఆకుల జత ఎక్కడుందో చూసి దానికి కాస్త పైన కోయండి. ఆ రెండు ఆకుల చంకల్లోంచి రెండు కొమ్మలు వస్తాయి, అంటే ఒక పువ్వు చోట రెండు. మొక్క జానెడు ఎత్తున్నప్పుడే చివరి చిగురు ఒకసారి గిల్లితే మొదటి పువ్వు కొద్దిగా ఆలస్యమవుతుంది కానీ తర్వాత గుబురు తేడా మీకే తెలుస్తుంది.

కుండీలో పోసే నీళ్ళతో ఎరువు కొట్టుకుపోతుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ వేయడం కంటే, సీసా మీద చెప్పిన మోతాదులో సగం నీళ్ళలో కలిపి పది, పదిహేను రోజులకోసారి ఇవ్వండి. మట్టి పొడిగా ఉన్నప్పుడు మాత్రం ఎరువు నీళ్ళు పోయకండి, వేర్లు మాడతాయి. ముందు మామూలు నీళ్ళు, తర్వాత ఎరువు. కుండీ అంచున తెల్లటి పొర కడితే అవి ఉప్పులు. ఒకరోజు అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్ళు పోసి కడిగేయండి.

చిగురుటాకు
మా వెనక వైపు ఎండే రాదు, ఉత్తరం వైపు గోడ పక్కన. అక్కడ పూయించడానికి ఏమైనా ఉందా?

తూనీగ
వెలుతురు బాగా ఉంటే టొరెనియా వేయండి, ఉక్కపోతకు కూడా నిలుస్తుంది. బిగోనియా, ఇంపేషన్స్ కూడా నీడవే, ఇంపేషన్స్‌కు తడి తగ్గకూడదు. వెలుతురు కూడా తక్కువైతే పువ్వు గురించి పట్టుబట్టకండి, కోలియస్ ఆకుల రంగు చాలు. దాని పూకంకులు వచ్చినప్పుడల్లా గిల్లేస్తే ఆకులు బాగుంటాయి.

పడమటివరండా
అయితే నా పట్టిక ఇలా అనుకుంటున్నాను. ఇప్పుడు వెనక వరసలో బిళ్ళగన్నేరు, మట్టి కుండీల్లోనే. మూలన లోతు కుండీలో చంద్రకాంత. ముందు ప్రొఫ్యూజన్ జీనియా, ఒక కుండీలో బొగడబంతి. వానల్లో బంతి నారు. రాత్రులు చల్లబడ్డాక పిటూనియా. పిటూనియా విత్తనం ఎప్పుడు వేయాలి?

విత్తులమూట
బాగుంది. ఒక్క మార్పు. గాలివానకు తడిసేది ముందు వరసే కాబట్టి బొగడబంతినే ఎక్కువ కుండీల్లో వేసి ముందు పెట్టండి. వానకూ ఎండకూ రెంటికీ అంత చలించదు, పువ్వు గరుకు రేకలు ఎండినా రంగు పోవు, కోసి తలకిందులుగా వేలాడదీస్తే నెలల తరబడి ఉంటాయి. జీనియాను దాని వెనక్కి జరపండి.

పిటూనియా విత్తనం నుంచి పూతకు సుమారు పది, పన్నెండు వారాలు పడుతుంది. అంటే రాత్రులు చల్లబడే రోజుకు అంత ముందే వేయాలి, అప్పటికి వానలు ఇంకా ఉంటాయి కాబట్టి ట్రేను కప్పు కిందే ఉంచండి. విత్తనం ధూళిలా ఉంటుంది, మట్టి కప్పకూడదు, పైన చల్లి తడి చేత్తో అద్దండి.

నీలిపిట్ట
జీనియా విత్తనాలు దాచుకుని మళ్ళీ వేస్తే అవే రంగులు వస్తాయా?

విత్తులమూట
ప్యాకెట్ మీద ఎఫ్1 (రెండు వేరు రకాలను కలిపి చేసిన సంకరం) అని ఉంటే రావండి, రంగూ ఎత్తూ రెండూ చెదిరిపోతాయి. అలా లేకపోతే మొక్క మీదే పువ్వు గోధుమ రంగుకు తిరిగి గట్టిగా ఎండాక కోసి, రేకల మొదట్లో ఉండే బాణం మొనలాంటి గింజలు తీసి కాగితం కవర్లో పెట్టుకోండి. పక్కన వేరే రంగు జీనియా ఉంటే తేనెటీగలు కలిపేస్తాయి కాబట్టి కొత్త రంగులు కూడా వస్తాయి.